హంసపాదు

మా జేజినాయన దృష్టిలో మద్రాసులో చూడాల్సినవి రెండే: పెద్దాసుపత్రి, హైకోర్టు. ఆయన కాలంలో కడప జిల్లావాళ్లకు రోగమొచ్చినా తగువొచ్చినా ఆ ఊరే దిక్కు. మూడోది కూడా ఒకటుందని 1986లో నేను చెప్తే నమ్మలేదు.

"మన ఊరి సంగతులన్నీ రాసి పెట్టిన కాగితాలు ఆడ ఉండాయంట జేజినాయనా. కైఫియత్తు అంటారంట."

"మన ఊరిది మద్రాసులో ఎందుకుంటాదిరా?"

ఆ ప్రశ్నకు అప్పట్లో నా దగ్గర సరైన జవాబు లేదు. ఆయన చుట్ట పక్కన పెట్టి కాసేపు ఆలోచించి, "సరే పో. అక్కమ్మ ఎవరో ఉంటే రాసకరా" అన్నాడు.

మాది సిద్ధవటం దాటాక పెన్న దగ్గర చిన్న పల్లె. ఊరికి పడమట ఉన్న చెరువును అక్కమ్మ చెరువు అంటారు. కట్ట మీద ఒక రాయి ఉంది, దానికి పసుపు పూసి కుంకుమ పెడతారు. ఆ అక్కమ్మ దేవతా, మనిషా, ఏ కులందీ, ఏ కాలందీ ఎవరికీ తెలీదు. మా జేజి అయితే చెరువుకు బలిచ్చిన కోడలని చెప్పేది. సీమలో ప్రతి రెండో చెరువుకూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది కాబట్టి జేజినాయన దాన్ని నమ్మేవాడు కాదు. ఆ రాయి పక్కనే కూర్చుని నీళ్ల వంతులు తేల్చిన మనిషి. ఆమె ఎవరో తెలుసుకోవాలని ఆయనకు మహా పట్టుదల.

నేనప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో ఎం.ఫిల్. చేస్తున్నాను. వేమన పద్యాల పాఠభేదాలు నా టాపిక్. బాంబే మెయిల్ దిగి, ట్రిప్లికేన్‌లో ఒక మాన్షన్‌లో ముగ్గురం కలిసి గది తీసుకున్నాం. పొద్దున రత్నా కేఫ్‌లో సాంబారులో మునిగిన ఇడ్లీ తిని చెపాక్ దాకా నడుచుకుంటూ పోవడం రోజూ పని. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కంపుకొట్టే కూవం నది. గాలి ఎటు నుంచి వీస్తే ఆ రోజు మన యోగం అటు.

యూనివర్సిటీ లైబ్రరీ భవనం 1936 నాటిది. ఎస్.ఆర్. రంగనాథన్ లైబ్రేరియన్‌గా ఉన్నప్పుడు కట్టింది. గణితం పంతులు 1924లో ఆ ఉద్యోగంలో చేరి, లండన్‌లో ఒక షాపులో పిల్లల మెకానో బొమ్మ చూసి, ఉన్న ముక్కలనే రకరకాలుగా బిగించి ఏ పుస్తకానికైనా నంబరు ఇవ్వొచ్చని కోలన్ వర్గీకరణ కనిపెట్టాడు. ఆ నంబర్లు అర్థం కావడానికి నాకు ఒక నెల పట్టింది. అర్థమయ్యాక మాత్రం వేరే లైబ్రరీకి పోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది.

నా అసలు పని అదే భవనంలో ఉన్న ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో. పేరుకు అది ప్రభుత్వానిది, 1869లో పెట్టింది. మా విద్యార్థులకు మాత్రం ఆ గోడకూ ఈ గోడకూ తేడా లేదు. అంతా లైబ్రరీయే.

లోపలికి అడుగు పెట్టగానే మొదట తగిలేది వాసన. నిమ్మగడ్డి నూనె, పాత గుడ్డ, వసకొమ్ము, వాటి వెనకాల సముద్రపు ఉప్పు. ఇప్పుడు నేలతుడుపు ద్రవాల్లో ఆ నిమ్మగడ్డి వాసన వేస్తున్నారు. మా ఇంట్లో నేల తుడిచినప్పుడల్లా నాకు వేమన గుర్తొస్తాడు. ఇది చెప్తే మా ఆవిడ నవ్వుతుంది.

చీటీ మీద నంబరు రాసిస్తే అటెండరు కట్ట తెచ్చేవాడు. డి. నంబరు అంటే వివరణాత్మక సూచిక అచ్చయిన పుస్తకాల్లోది, ఆర్. నంబరు అంటే తర్వాత చేరినది. ఇంకు పెన్ను తీస్తే చాలు, "పెన్సిల్ మట్టుమ్, తంబీ" అని దూరం నుంచే కేక. గుడ్డ మూట విప్పితే పైనొక చెక్క పలక, కిందొక చెక్క పలక, మధ్యలో తాటాకులు. జానెడున్నర పొడవు, రెండు వేళ్ల వెడల్పు. రంధ్రంలో దారం. మొదటిసారి ఆకు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకేమీ కనపడలేదు. ఖాళీ ఆకు ఇచ్చారనుకుని తిరిగి ఇవ్వబోయాను.

పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన నవ్వాడు. నెల్లూరు వైపు మనిషి, రిటైరైన తెలుగు పండితుడు. రోజూ వచ్చి ఏదో ఒకటి ఎత్తి రాసుకునేవాడు. మేమంతా అయ్యవారూ అని పిలిచేవాళ్లం. "గంటంతో గీసినది నాయనా, మసి పూయలేదు. కిటికీ వైపు పట్టుకుని కొంచెం వంచు" అన్నాడు. వంచాను. ఏటవాలుగా వెలుతురు పడేసరికి, తడిసిన ఇసుకలో కాకి అడుగుల్లా అక్షరాలు పైకి లేచాయి. రంధ్రం దగ్గరికి రాగానే రాసినవాడు మాటను రెండుగా విరిచి, రంధ్రాన్ని దాటించి, అవతల మళ్లీ అందుకున్నాడు. ఆ చిన్న గెంతు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో!

చదవడం నేర్పింది ఆయనే. మన బళ్లో నేర్చిన తెలుగు అక్కడ సగమే పనికొస్తుంది. పదాల మధ్య ఎడం ఉండదు. పద్యం ఎక్కడ ముగిసిందో మనమే పట్టుకోవాలి. 'అన్న' అని ఉండదు, 'అంన' అని ఉంటుంది. వలపల గిలక, అంటే అక్షరం తర్వాత రాసే రకారపు గుర్తు, వచ్చిందంటే రేఫను వెనక్కి తెచ్చి చదువుకోవాలి. ఏత్వం పొట్టిదా పొడుగుదా అన్నది మన తెలివికి వదిలేసేవారు. నెలరోజులు తంటాలు పడ్డాక ఒకరోజు ఉన్నట్టుండి ఆకు దానంతటదే చదవడానికి వచ్చేసింది, సైకిల్ వచ్చినట్టు.

అయ్యవారికి ఇష్టమైనవి పద్యాలు కావు, ఆఖరి ఆకులు. గ్రంథం అయిపోయాక రాసినవాడు తన గోడు చెప్పుకునే చోటు అది. 'భగ్నపృష్ఠ కటిగ్రీవః' అని మొదలయ్యే శ్లోకం ఎన్ని కట్టల్లో ఉందో లెక్కలేదు. నడుం విరిగింది, మెడ విరిగింది, చూపు నిలిచిపోయింది, తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని. దానికి తోడు ఇంకోటి, 'యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా'. ఎట్లా ఉంటే అట్లా ఎత్తాను, తప్పుంటే నాది కాదు అని. "చూశావా, నమస్కారం పెడుతూనే చేతులు దులుపుకుంటాడు" అని అయ్యవారు పడీ పడీ నవ్వేవాడు.

ఒకరోజు ఆయన నాకొక ఆకులో వరస కింద చిన్న గుర్తు చూపించాడు. గుణకారం గుర్తులో సగంలాగా, పక్షి కాలి ముద్రలాగా. "హంసపాదు. మధ్యలో అక్షరం వదిలేశాడు. తర్వాత చూసుకుని, ఇక్కడ గుర్తు పెట్టి, పైన అంచులో రాశాడు. రాసేవాడు ఎక్కడ తప్పుతాడో తెలుసా? ఒకే మాటతో ముగిసే వాక్యాలు రెండు దగ్గరదగ్గరగా ఉంటే. కన్ను మొదటిదాని నుంచి రెండోదానికి గెంతుతుంది. మధ్యది పోయిందని వాడికే తెలీదు."

ఆ మాట నేను నోట్సులో కూడా రాసుకున్నాను. ఏం లాభం!

ఇప్పుడు జేజినాయన ప్రశ్నకు జవాబు. మన ఊరిది మద్రాసులో ఎందుకుంటుంది?

కాలిన్ మెకంజీ అని స్కాట్లండ్ నుంచి వచ్చిన సర్వేయరు. తెలుగు రాదు, తమిళం రాదు. ఏలూరు నియోగి కుర్రాడు కావలి బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. హిందువుల విద్యల వాకిలి తనకు తెరిచింది ఆ బొర్రయ్యేనని మెకంజీ 1817లో ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. అప్పటికి బొర్రయ్య పోయి పద్నాలుగేళ్లు. నిండా ముప్ఫయ్యేళ్లు కూడా బతకలేదు. అన్నదమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న దండకవిలెలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు చూసి, శాసనాలు ఎత్తి, ముసలివాళ్లను అడిగి, ఊరి పుట్టుక నుంచి గుడి మాన్యాల దాకా రాయించారు. ఆ రాతలే కైఫియత్తులు. నిజాం మా దత్తమండలాలను ఈస్టిండియా కుంపినీకి వదిలేసింది 1800లో. ఆ తర్వాత పదేళ్లకో పదిహేనేళ్లకో మా వైపు ఊళ్లవి చాలా రాశారు.

మెకంజీ 1821లో కలకత్తాలో పోయాడు. ఆ గుట్టలన్నీ ఆయన భార్య దగ్గర కుంపినీ కొనుక్కుంది. దక్షిణాది భాషలవి తర్వాత మద్రాసు చేరాయి. లక్ష్మయ్య ఆ పని తానే కొనసాగిస్తానని అడిగితే, ఒక దేశీయుడికి అంత పని చేతకాదని కలకత్తా ఆసియాటిక్ సొసైటీ వాళ్లు ఒప్పుకోలేదు. ముప్ఫయ్యేళ్లు ఆ పని చేసినవాడికి! ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మద్రాసుకు చేరిన కాగితాలు పురుగుపట్టి పొడైపోతుంటే తిరగరాయించినవాడు మా కడప బ్రౌన్ దొర. 1820లో మా ఊళ్లకు ఉద్యోగానికి వచ్చినవాడు. కడపలో బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, తాళపత్రాలు తెప్పించి శుద్ధప్రతులు రాయించాడు. జూలూరి అప్పయ్య, వైద్యం అద్వైతబ్రహ్మయ్య లాంటివాళ్లు ఆ జీతగాళ్లు. నా వేమన కట్టలన్నీ అలా వచ్చినవే. 1829లో ఆయన వేసిన వేమనలో పద్యాలు 693, పదేళ్ల తర్వాతి కూర్పులో 1164. ఆ పెరిగిన పద్యాలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి అన్నదే నా ఎం.ఫిల్. కొన్ని ప్రతుల అంచుల్లో దొరగారి ఇంగ్లీషు రాత కనపడేది, చిరాకుపడే మేష్టారి రాతలా. తన పుస్తకాలన్నీ మద్రాసులో ఇచ్చేసి వెళ్లాడు. లండన్‌లో కుంపినీ ఆఫీసైన ఇండియా హౌస్‌లో ఎవరికీ పట్టకుండా పడి ఉన్న దక్షిణాది గ్రంథాలను కూడా ఇక్కడికి పంపించేలా చేశాడు. మెకంజీవి, బ్రౌన్‌వి, ఇండియా హౌస్‌వి, ఈ మూడూ కలిస్తే భాండాగారం.

మా ఊరి కైఫియత్తు ఉన్న సంపుటం సెప్టెంబరులో నా చేతికొచ్చింది. తాటాకు కాదు, కాగితం. టీ డికాక్షన్ రంగుకు తిరిగిన కాగితం, అంచులు అప్పడంలా ఉన్నాయి. ఇంకు ఎక్కువ పడ్డచోట అక్షరం ఉండాల్సిన చోట అక్షరం ఆకారంలో చిల్లి ఉంది. 'కైఫియ్యతు మౌజే' అని మొదలై మా ఊరి పేరు. 'తాలూకే సిద్ధవటం'. ఒళ్లు జలదరించింది. అంగీరస సంవత్సరం, ఫసలీ 1222. అంటే 1812లో మా ఊరి కరణం అరుగు మీద ఎవరో కూర్చుని అడుగుతుంటే, మా వాళ్లెవరో చెప్పారన్నమాట. కింద కరణం వ్రాలు, అంటే సంతకం.

ఆ రోజు సోమవారం, సెప్టెంబరు 22. క్రికెట్ తెలిసినవాళ్లకు తేదీ చెప్తే చాలు. చెపాక్ స్టేడియంలో ఆస్ట్రేలియాతో టెస్టు ఆఖరి రోజు. మాకు కూతవేటు దూరం. మనవాళ్లు 348 కొట్టాలి. పొద్దున్నుంచీ కిటికీలోంచి హోరు వస్తూనే ఉంది. నా గదివాళ్లిద్దరూ టికెట్లు సంపాదించి వెళ్లారు. నేను మాత్రం సంపుటం మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో అని కూర్చున్నాను. కూర్చున్నది ఒళ్లే. చెవులు స్టేడియంలో ఉన్నాయి. హోరు లేచిందంటే ఫోర్. ఉన్నట్టుండి ఊరంతా చచ్చినట్టు నిశ్శబ్దం. గవాస్కర్ పోయాడు, తొంభై దగ్గర. నా పెన్సిల్ ఆగింది. కాసేపు కిటికీ వైపు చూసి, మళ్లీ తల దించి, ఆగినచోటి నుంచి అందుకున్నాను. ఆగినచోటు అనుకున్నచోటి నుంచి.

గబగబా ముగించి, సంపుటం అప్పజెప్పి, రోడ్డు మీద పరిగెత్తాను. ట్రాన్సిస్టర్ చుట్టూ మూగిన గుంపులో నిలబడి వింటుండగా మణీందర్ ఎల్బీ అయ్యాడు. 347. టై. టెస్టు చరిత్రలో అది రెండోసారి. గెలిచామో ఓడామో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సంక్రాంతికి ఊరికి పోయి నోట్సు తీసి చదివాను. జేజినాయన మంచం మీద కూర్చుని, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు. 'యీ గ్రామానకు పడమటి భాగమందు వుండే చెరువు మట్ల అనంతరాజుగారి ప్రభుత్వములో కట్టించినారు. యీ చెరువు కింద దేవరమాన్యం సాగుబడి అవుచు వుంన్నది.'

"అక్కమ్మ?"

"లేదు జేజినాయనా. రాజు కట్టించినాడని ఉంది."

"పేరు కూడా ల్యాదా?"

"ల్యాదు."

చుట్ట ముట్టించుకున్నాడు. "రాజుల లెక్కల్లో ఆడదాని పేరెందుకుంటాది లే" అన్నాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరు అక్కమ్మ మాట ఎత్తినా, "మావాడు మద్రాసులో చూసొచ్చినాడు, రాసిలేదు" అని చెప్పేవాడు. నా చదువు మీద ఆయనకు అంత గురి. 1991లో పోయాడు.

నేను కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ గడిపేశాను. వేమన ఎం.ఫిల్. దగ్గరే ఆగిపోయాడు. ఈలోపల బ్రౌన్ దొర బంగళా ఉన్న స్థలంలోనే కడపలో ఆయన పేరిట లైబ్రరీ వచ్చింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి కట్టించింది అది. తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వెళ్లి బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమైంది. వాళ్లు కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేశారు. మద్రాసుకు పోనక్కర్లేకుండా మా జిల్లావాళ్లు మా జిల్లా సంగతి చదువుకోవచ్చు. ఇంతకంటే మంచిపని ఈమధ్య నేను చూడలేదు.

రిటైరయ్యాక, పనేమీ లేక ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లాను. సంపుటం తీసి మా ఊరు వెతికాను. కళ్లకు అలవాటైన వాక్యమే కదా అని పైపైన పోతున్నాను. 'మట్ల అనంతరాజుగారి ప్రభుత్వములో కట్టించినారు' అయ్యాక మాన్యం సంగతి రావాలి. రాలేదు. ఇంకో వాక్యం ఉంది.

గాలివానలో కట్ట తెగిపోగా అక్కంమ అనే ఆడమనిషి తన వంటిమీది సొమ్ములు అమ్మి మరలా కట్టించినారు, అని.

కట్టించినారు, కట్టించినారు. గవాస్కర్ అవుటైన నిమిషంలో నా కన్ను మొదటిదాని మీంచి రెండోదాని మీదికి దూకింది.

ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు పట్టాయి. అచ్చులో ఎవరైనా కలిపారేమో అని ఒక పిచ్చి ఆశ కూడా కలిగింది. అచ్చును చూస్తే సరిపోదు, రాతను చూడాలి అనేవాడు అయ్యవారు. మరుసటి వారమే చెన్నై వెళ్లాను. భాండాగారం ఇప్పుడు చెపాక్‌లో లేదు, కోట్టూరుపురంలో అణ్ణా శతజయంతి గ్రంథాలయానికి మారింది. లిఫ్టు, ఏసీ, అద్దాలు. సముద్రపు గాలి లేదు. మూట దగ్గరికి వంగితే మాత్రం నిమ్మగడ్డి వాసన అదే. పెన్సిలే వాడాలన్న మాటా అదే.

ఆ పుట తీశాను. కాగితం ఇంకాస్త నల్లబడింది. వాక్యం అక్కడే ఉంది, వరస మధ్యలో, మిగతా అక్షరాలంత లావు అక్షరాలతోనే. 'అక్కంమ' అన్నచోట సున్న కొంచెం పెద్దదిగా పడింది. ఇంత పెద్ద సున్నను ఎట్లా దాటిపోయానో.

1986 నాటి నోట్సు సంచిలోనే తెచ్చుకున్నాను. రూళ్ల కాగితాలు పసుపు పచ్చబడ్డాయి, పెన్సిల్ రాత మెరుస్తోంది. కట్టించినారు అన్న మాట పక్కన చిన్న హంసపాదు పెట్టి, పైన అంచులో ఆ వాక్యం ఎత్తి రాశాను. ఈసారి ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకుంటూ.